34 వేశారు కదా అని ఈపీ ఆపకండి

ప్రశ్న: నమస్తే మేడమ్ గారూ. మాది విజయవాడ, ఆటోనగర్‌లో ఫ్యాబ్రికేషన్ షెడ్డు. హైదరాబాద్‌లో ఒక ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీకి స్టీల్ స్ట్రక్చర్ పని చేసిచ్చాం, బిల్లులు ఆపేశారు. అగ్రిమెంట్ ప్రకారం హైదరాబాద్‌లోనే ఆర్బిట్రేషన్ జరిగి పోయిన ఏడాది మాకు 48 లక్షలు, కట్టేదాకా 12 శాతం వడ్డీ అని అవార్డు, అంటే ఆర్బిట్రేటర్ తీర్పు, వచ్చింది. వాళ్లు అవార్డు కొట్టేయమని అక్కడి కోర్టులో ఆర్బిట్రేషన్ చట్టం సెక్షన్ 34 కింద వేశారు, అది తేలేదాకా మేం ఆగాలి కదా? ఈలోపు జీడిమెట్ల ప్లాంట్ మూసి మెషినరీ హోసూరు తరలిస్తున్నారని విన్నాం. ఎండీ ఇల్లు భార్య పేరు మీద ఉంది, కొడుకు డల్లాస్‌లో ఉన్నాడు. మా బావమరిది కంపెనీల దివాలా కేసులు చూసే ఎన్‌సీఎల్‌టీలో వేసెయ్ బావా అంటున్నాడు. మధ్యలో ఒకాయన వచ్చి 22 లక్షలకి తెంపేసుకోండి అంటున్నాడు. ఇంకోటి, బెంగళూరు పార్ట్‌నర్‌షిప్ ఫర్మ్ ఒకదాని మీద 2017లో విజయవాడ కోర్టులో 9 లక్షల డిక్రీ వచ్చింది, ఈపీ (అమలు చేయించమనే పిటిషన్) వేస్తే డిస్మిస్ అయింది. అది పోయినట్టేనా? వాళ్లనైనా జైల్లో పెట్టించొచ్చా?

జవాబు: నమస్తే అండీ. ఆగాలని ఎవరు చెప్పారు మీకు? అవతలి వాళ్లే చెప్పి ఉంటారు, వాళ్లు చెప్పింది పాత చట్టం. 2015 అక్టోబర్ 23కి ముందు సంగతి అది, అప్పట్లో 34 పిటిషన్ ఫైల్ అయితే చాలు అవార్డు దానంతటదే ఆగిపోయేది, అందుకే ఓడిపోయినవాడు ఎవడైనా సరే ముందు 34 వేసేసి ఏళ్లకేళ్లు హాయిగా ఉండేవాడు. ఆ ఏడాది అవార్డు అమలు గురించి చెప్పే సెక్షన్ 36 మార్చారు. ఇప్పుడు 34 వేసినంత మాత్రాన ఏమీ ఆగదు, స్టే కావాలంటే దానికి వేరే అప్లికేషన్ వేసుకోవాలి, కోర్టు కారణాలు రాసి ఆర్డర్ ఇవ్వాలి, డబ్బు అవార్డు అయితే మామూలు మనీ డిక్రీ మీద అప్పీల్లో స్టే ఇచ్చేటప్పుడు చూసే రూల్స్ అన్నీ చూడాలి. మధ్యలో 2019లో ప్రభుత్వం సెక్షన్ 87 అని ఒకటి పెట్టి పాత కేసులకి మళ్లీ ఆటోమేటిక్ స్టే తెద్దామని చూసింది, హిందుస్థాన్ కన్‌స్ట్రక్షన్ కంపెనీ కేసులో అదే ఏడాది సుప్రీం కోర్టు దాన్ని కొట్టేసింది. ప్రభుత్వమే ఓడిన పార్టీ అయినా డిపాజిట్ విషయంలో స్పెషల్ మర్యాదేమీ లేదని ప్యామ్ డెవలపర్స్ కేసులో కూడా అప్పుడే చెప్పింది. ఇక మీ జీడిమెట్ల కంపెనీ ఎంత?

కాబట్టి ఇవాళే చేయాల్సిన పని ఒకటుంది. ఫోన్‌లో ఈకోర్ట్స్ తెరిచి వాళ్ల 34 కేసు నంబర్ కొట్టి చూడండి, స్టే కోసం ఐఏ (మధ్యంతర అప్లికేషన్) ఏమైనా పడిందా, పడితే దాని మీద ఆర్డర్ ఉందా అని. ఐఏ పెండింగ్‌లో ఉంటే స్టే ఉన్నట్టు కాదు. ఇది ఎందుకింత ఒత్తి చెప్తున్నానంటే చాలామంది క్లయింట్లు "స్టే ఉంది మేడమ్" అంటారు, తీరా డైరీ చూస్తే నోటీసు, వాయిదా, కౌంటర్‌కి వాయిదా, మళ్లీ వాయిదా, అంతే ఉంటుంది, ఆర్డర్ ఎక్కడా కనపడదు.

వాళ్లు స్టే అడిగితే భయపడకండి, నిజానికి మీకు డబ్బు కనపడే మొదటి ఛాన్స్ అదే. ఆ వాదనప్పుడు మీ వకీలు గట్టిగా అడగాల్సింది ఒకటే, అవార్డు మొత్తం వడ్డీతో సహా కోర్టులో డిపాజిట్ చేయించండి అని. కోర్టులు చాలాసార్లు మొత్తమో పెద్ద భాగమో కట్టమంటాయి, కట్టాక మీరు బ్యాంక్ గ్యారంటీ ఇచ్చి తీసుకుంటామని పిటిషన్ పెట్టుకోవచ్చు. ఏ కండిషనూ లేకుండా స్టే ఇవ్వాల్సిన సందర్భం అంటూ 2021 సవరణలో చెప్పింది, కాంట్రాక్టో అవార్డో మోసంతో గానీ అవినీతితో గానీ వచ్చిందని కోర్టుకి మొదటి చూపులోనే అనిపించాలి, "ఆర్బిట్రేటర్ మా మాట వినలేదు" అనే ఏడుపు అందులోకి రాదు. వడ్డీ లెక్క కూడా వాళ్ల ముందు పెట్టండి. 48 లక్షల మీద 12 శాతం అంటే నెలకి 48 వేలు, వాళ్లు ఒక్కో వాయిదా నెల రోజులు నెట్టిన ప్రతిసారీ ఈ మీటర్ తిరుగుతూనే ఉంటుంది. అవార్డులో ముందటి కాలం వడ్డీ కలిపి 48 అని రాసి ఉంటే మొత్తం 48 మీదా తర్వాతి వడ్డీ వస్తుంది, 2014లో హైదర్ కన్సల్టింగ్ కేసులో సుప్రీం కోర్టు తేల్చింది అదే.

ఇక ఈపీ ఎక్కడ వేయాలి. ఇక్కడ మీలాంటి వాళ్లకి ఒక పెద్ద సుఖం ఉంది. కోర్టు డిక్రీ అయితే ఇచ్చిన కోర్టు నుంచి ఆస్తి ఉన్న ఊరి కోర్టుకి ట్రాన్స్‌ఫర్ చేయించుకోవాలి, అదో ప్రహసనం, కింద మీ బెంగళూరు సంగతిలో చెప్తా. ఆర్బిట్రేషన్ అవార్డుకి ఆ గొడవ లేదు. 2018లో సుందరం ఫైనాన్స్ వర్సెస్ అబ్దుల్ సమద్ అనే కేసులో సుప్రీం కోర్టు చెప్పేసింది, ఆస్తి ఎక్కడుంటే అక్కడే నేరుగా ఈపీ వేసుకోవచ్చు, ట్రాన్స్‌ఫర్ సర్టిఫికెట్ అక్కర్లేదు అని. అంటే మెషినరీ హోసూరులో దిగిపోయి ఉంటే కృష్ణగిరి జిల్లాలో, జీడిమెట్ల స్థలం కంపెనీ సొంతమైతే హైదరాబాద్ వైపు. రెండు చోట్లా వేయొచ్చు, కాకపోతే రెండో దాంట్లో మొదటి దాని గురించి దాచకండి, దాస్తే ఆ ఒక్క పాయింట్ పట్టుకుని ఆరు నెలలు తింటారు. ఏ జిల్లాలో ఏ కోర్టు హాలు అనేది, కమర్షియల్ కోర్టా ప్రిన్సిపల్ జిల్లా జడ్జా అన్నది, అక్కడి వకీలే చెప్పాలి, ఒక్కో రాష్ట్రం ఒక్కో రకంగా పంచుకుంది.

కానీ మెషినరీ ఇంకా దారిలో ఉందంటున్నారు కాబట్టి ఈపీ కంటే ముందు ఇంకోటి. సెక్షన్ 9. అవార్డు వచ్చాక, అమలయ్యే లోపు కూడా మధ్యంతర రక్షణ అడగొచ్చు, ఇది మాత్రం హైదరాబాద్‌లోనే వేయాలి, ఆర్బిట్రేషన్ సీట్ (చట్టప్రకారం దాని స్థానం) అదే కాబట్టి. మెషినరీ అమ్మకుండా, కదపకుండా ఆర్డర్, ఆస్తుల వివరాలతో అఫిడవిట్, ఈ రెండూ అడగండి. ఊరికే "విన్నాం" అంటే కుదరదు, సుప్రీం కోర్టు 2022లో రెండు కేసుల్లో రెండు రకాలుగా మాట్లాడింది, ఎస్సార్ హౌస్ కేసులో కొంచెం ఉదారంగా, సంఘీ ఇండస్ట్రీస్ కేసులో మాత్రం ఆస్తులు దాటిస్తున్నారని ఆధారం కావాలి అని. రెండోది గుర్తుపెట్టుకుని సిద్ధమవ్వండి. లారీ ఫోటోలు, మూసిన గేటు ఫోటో తేదీతో, ఎవరైనా పాత వర్కర్ అఫిడవిట్ ఇస్తాడేమో చూడండి, మీ కుర్రాళ్లు అక్కడ నెలల తరబడి పని చేశారు కదా, సెక్యూరిటీ వాడు కూడా తెలిసే ఉంటాడు.

ఇప్పుడు అసలు విషయం. ఈపీ అంటే ఏదో పెద్ద వాదనలుంటాయి అనుకుంటారు జనం, అక్కడ ఉండేది ఒక పట్టిక. సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 21 రూల్ 11 కింద గళ్లు గీసి ఉంటాయి, కేసు నంబర్, పార్టీల పేర్లు, అవార్డు తేదీ, దాని మీద అప్పీల్ ఏమైనా ఉందా (ఇక్కడ వాళ్ల 34 సంగతి నిజం రాయండి), ఇప్పటిదాకా ఏమైనా కట్టారా, రావాల్సింది ఎంత, ఖర్చులెంత, ఎవరి మీద, చివర్లో ఒక గడి, కోర్టు మీకు ఏ రకంగా సాయం చేయాలి అని. మిగతావన్నీ గుమాస్తా నింపేస్తాడు. ఆ చివరి గడిలో మీరు ఏం రాయగలరు అన్నదాని మీదే మొత్తం ఆధారపడి ఉంది. "జేడీఆర్ (అంటే బాకీదారు) ఆస్తులు జప్తు చేయించవలెను" అని రాస్తే ఏమీ జరగదు, ఏ ఆస్తి? కోర్టు వెతికి పెట్టదు. స్థిరాస్తి అయితే సర్వే నంబర్, విస్తీర్ణం, నాలుగు వైపులా హద్దులు, చరాస్తి అయితే ఏ అడ్రస్‌లో ఏ మెషిన్, మేక్, సీరియల్ నంబర్ దొరికితే అది, బ్యాంక్ అయితే బ్రాంచ్, అకౌంట్ నంబర్. మీరు స్టీల్ పని చేసిన వాళ్లు కాబట్టి ఆ షెడ్డులో ఏ మెషిన్ ఎక్కడుండేదో మీకు కళ్లకి కట్టినట్టు తెలుసుంటుంది, ఆ జ్ఞాపకమంతా కాగితం మీద పెట్టండి.

అవార్డు వచ్చి రెండేళ్లు దాటలేదు కాబట్టి ఇంకో లాభం కూడా ఉంది. రెండేళ్లు దాటిన డిక్రీకైతే రూల్ 22 కింద ముందు నోటీసు ఇవ్వాలి, నోటీసు వెళ్తే సరుకు మాయం. రెండేళ్ల లోపు అయితే ఆ నోటీసు తప్పనిసరి కాదు, నేరుగా జప్తు వారెంట్ అడగొచ్చు. కొన్ని కోర్టులు అయినా సరే నోటీసు ఇద్దాం అంటాయి, అప్పుడు మీ వకీలు రూల్ చదివి వినిపించాలి. వారెంట్ తీసుకుని అమీనా (జప్తు చేసే కోర్టు ఉద్యోగి) వెళ్తాడు, గేటుకి తాళం ఉంటే "డోర్ లాక్డ్" అని రాసి వెనక్కొచ్చేస్తాడు, ఈ రెండు మాటలు రాసిన కాగితం వల్ల ఆగిపోయిన ఈపీలు ఎన్ని చూశానో. అందుకని ముందుగానే తాళం పగలగొట్టడానికి బ్రేక్ ఓపెన్ పిటిషన్, పోలీస్ ఎయిడ్ పిటిషన్ సిద్ధం చేసి పెట్టుకోండి, అమీనాతో మీ మనిషి ఒకడు వెళ్లి ఇది ఫలానా మెషిన్ అని చూపించాలి, లేకపోతే అతనికేం తెలుసు పాపం.

మరి ఆస్తులు కనిపెట్టడం ఎలా అంటే, మీ దగ్గరే సగం ఉంది. వాళ్లు మీకు ఇదివరకు పంపిన ఆర్‌టీజీఎస్ ఎంట్రీలు, పాత చెక్కుల జిరాక్సులు చూస్తే బ్యాంకు, బ్రాంచి తెలిసిపోతాయి. ఎంసీఏ (కేంద్ర కంపెనీ వ్యవహారాల శాఖ) సైట్‌లో కొద్దిపాటి ఫీజు కడితే కంపెనీ బ్యాలెన్స్ షీట్లు, ఏ బ్యాంకుకి ఏం తాకట్టు పెట్టారో చార్జ్‌ల వివరాలు చూడొచ్చు. జీడిమెట్ల స్థలానికి ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీయించండి, అది సొంతమా, లీజా, అమ్మేశారా తేలుతుంది. జీఎస్టీ పోర్టల్‌లో నంబర్ కొడితే ఇంకా రిటర్నులు వేస్తున్నారో లేదో కనపడుతుంది, వేస్తుంటే వ్యాపారం బతికున్నట్టే. ఆర్బిట్రేషన్‌లో వాళ్లు దాఖలు చేసిన కాగితాలు కూడా మళ్లీ ఒకసారి తిరగేయండి, అప్పుడు గెలవాలనే తొందరలో ఎవరూ ఈ కన్నుతో చూడరు, వాళ్ల కౌంటర్ క్లెయిమ్‌లో "మీ ఆలస్యం వల్ల ఫలానా కస్టమర్ ఆర్డర్ పోయింది" అని రాసుకుని ఉంటారు చూడండి, ఆ ఫలానా కస్టమర్ ఇప్పటికీ వీళ్లకి డబ్బు ఇవ్వాల్సి ఉంటే మీ పంట పండినట్టే. రూల్ 46ఏ కింద గార్నిషీ నోటీసు, అంటే వాడికి ఇచ్చేది కోర్టుకి కట్టు అని ఆ కస్టమర్‌కే కోర్టు నుంచి కాగితం వెళ్తుంది. నా అభిప్రాయంలో కంపెనీల విషయంలో దీన్ని మించిన ఆయుధం లేదు, మెషిన్లు వేలం వేస్తే తుక్కు రేటొస్తుంది, కానీ కస్టమర్ దగ్గరికి కోర్టు కాగితం వెళ్లిందంటే మార్కెట్‌లో పరువు పోతుంది, ఎండీ తనే ఫోన్ చేస్తాడు.

బ్యాంక్ అకౌంట్ల విషయంలో ఒక జాగ్రత్త. కరెంట్ అకౌంట్‌లో ఉన్నది వాళ్ల డబ్బు, జప్తు చేయొచ్చు. సీసీ, ఓడీ అకౌంట్ అయితే అది బ్యాంకు వాళ్లకిచ్చిన అప్పు, అందులో జప్తు చేయడానికి ఏమీ ఉండదు, బ్యాంకు అదే రాసి పంపుతుంది, మీరు "బ్యాంకు వాళ్లు కుమ్మక్కయ్యారు" అనుకోకండి. అలాగే స్థలం గానీ మెషినరీ గానీ బ్యాంకుకి తాకట్టులో ఉంటే ముందు వరస బ్యాంకుదే, మీ జప్తు దాని వెనకే. అయినా జప్తు వదలొద్దు. జప్తు తర్వాత వాళ్లు ఎవరికైనా అమ్మితే సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 64 ప్రకారం మీ క్లెయిమ్ ముందు ఆ అమ్మకం చెల్లదు, ఆర్డర్ కాపీ సబ్ రిజిస్ట్రార్‌కి వెళ్లేలా చూసి ఈసీలో ఎక్కిందో లేదో మీరే కళ్లతో చూసుకోండి.

ఎండీ ఇంటి సంగతి. ఇక్కడ మీకు నచ్చని మాట చెప్పాలి. అవార్డు కంపెనీ మీద వచ్చింది, కంపెనీ వేరు ఎండీ వేరు. ఆయన పర్సనల్ గ్యారంటీ ఇచ్చి, ఆర్బిట్రేషన్‌లో ఆయన్ని కూడా పార్టీగా పెట్టి, అవార్డు ఆయన మీద కూడా ఉంటే తప్ప ఆ ఇల్లు భార్య పేరు మీదున్నా ఆయన పేరు మీదున్నా మీకు ఒకటే, ముట్టుకోలేరు. కొడుకు డల్లాస్‌లో ఉంటే ఉండనివ్వండి, మీ అవార్డులో ఆ అబ్బాయి పేరు లేదు. ఒకవేళ కంపెనీ ఆస్తినే ఈ గొడవ మొదలయ్యాక భార్య పేరు మీదికి మార్చి ఉంటే మాత్రం కథ వేరు, అప్పులవాళ్లని ముంచడానికి చేసిన బదిలీ అని ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 53 కింద దావా వేయొచ్చు, ఈసీలో తేదీలు అందుకే చూడమంటున్నా.

కానీ ఎండీని బోనులోకి లాగే దారి లేకపోలేదు. ఆర్డర్ 21 రూల్ 41. డబ్బు డిక్రీ 30 రోజులు దాటినా కట్టకపోతే ఆస్తులన్నిటి వివరాలతో అఫిడవిట్ వేయమని కోర్టు ఆర్డర్ ఇవ్వొచ్చు, జేడీఆర్ కంపెనీ అయితే దాని ఆఫీసర్‌ని పిలిచి నీ కంపెనీకి ఏమున్నాయి, ఎవరు నీకు బాకీ, పుస్తకాలు ఎక్కడ అని ప్రమాణం చేయించి అడగొచ్చు. ఆర్డర్ లెక్కచేయకపోతే మూడు నెలల దాకా సివిల్ జైలు. 2021లో రాహుల్ షా కేసులో సుప్రీం కోర్టు ఈ ఆస్తుల వెల్లడి మీద గట్టిగా చెప్పింది, ఈపీలు వేసిన ఆరు నెలల్లో తేల్చాలి అని కూడా చెప్పింది. ఆరు నెలల్లో తేలుతున్నాయా అంటే, అదే సుప్రీం కోర్టు 2025లో హైకోర్టుల నుంచి లెక్క తెప్పించుకుంటే దేశం మొత్తం మీద 8.82 లక్షలకి పైగా ఈపీలు పెండింగ్ ఉన్నాయని తేలింది. అయినా ఆ జడ్జిమెంట్ కాపీ మీ ఈపీకి జత చేసి పెట్టుకోండి, వాయిదా అడిగినప్పుడల్లా చూపించడానికి పనికొస్తుంది.

మీ బావమరిది గారి ఎన్‌సీఎల్‌టీ ఐడియా వదిలేయండి. దివాలా కోడ్ కింద 2020 మార్చి నుంచి కనీస బాకీ కోటి రూపాయలు ఉండాలి, మీది 48 లక్షలు, వడ్డీ కలిపినా అంత లేదు. కోటి ఉన్నా కూడా 34 పెండింగ్‌లో ఉంటే అది వివాదం ఉన్నట్టే లెక్క అని 2018లో సుప్రీం కోర్టు చెప్పింది, కె.కిషన్ వర్సెస్ విజయ్ నిర్మాణ్ కంపెనీ అనే కేసులో. కానీ ఎన్‌సీఎల్‌టీ మీద ఒక కన్ను వేసి ఉంచండి, వేరే అప్పులవాడో బ్యాంకో ఈ కంపెనీని అందులోకి లాగితే మారటోరియం వచ్చి మీ ఈపీ ఎక్కడిదక్కడ ఆగిపోతుంది. అప్పుడు పేపర్లో పబ్లిక్ అనౌన్స్‌మెంట్ వస్తుంది, ఇచ్చిన గడువులో క్లెయిమ్ వేసుకోవాలి, అది మిస్సయితే ఇన్నాళ్ల శ్రమా గాల్లో కలిసిపోతుంది. మెషినరీ తరలింపు చూస్తుంటే నాకు ఆ వాసన కొంచెం వస్తోంది, అందుకే తొందరపెడుతున్నా.

22 లక్షల సెటిల్‌మెంట్. వెంటనే కాదనకండి, వెంటనే ఒప్పుకోకండి. ఈపీ వేయకముందు వచ్చిన రేటు అది, జప్తు వారెంట్ ఇష్యూ అయ్యాక వచ్చే రేటు వేరేగా ఉంటుంది. ఇంకో వైపు నిజాయితీగా చెప్పాలంటే 34లో మీకూ కొంత రిస్కు ఉంది, అవార్డు పూర్తిగా కొట్టేయడం కష్టమే గానీ 2025 ఏప్రిల్‌లో గాయత్రి బాలసామి కేసులో రాజ్యాంగ ధర్మాసనం కొన్ని పరిమిత సందర్భాల్లో కోర్టు అవార్డుని సవరించొచ్చు కూడా అని చెప్పింది, తర్వాతి వడ్డీ తగ్గించడం అందులో ఒకటి. ఈపీలో డబ్బు తీసుకున్నాక అవార్డు పోతే తిరిగి కట్టాల్సి వస్తుంది, అదీ గుర్తుండాలి. ఇవన్నీ లెక్కేసుకుని, కంపెనీకి బ్యాంకు తాకట్టు పోగా ఏం మిగులుతుందో చూసుకుని మీ మనసులో ఒక అంకె పెట్టుకోండి. తాకట్టు లేని ఆస్తి కనపడితే నేనైతే 22కి ఒప్పుకోను. ఏమీ కనపడకపోతే, 22 మొత్తం ఒకేసారి డీడీ తెస్తే, ఆలోచిస్తాను.

ఏ అంకెకి కుదిరినా మధ్యవర్తి ఇంట్లో తెల్లకాగితం మీద మాత్రం వద్దు. కోర్టులో రికార్డు చేయించండి, ఒక్క వాయిదా తప్పినా మొత్తం అవార్డు వడ్డీతో సహా మళ్లీ బతుకుతుంది అనే షరతు రాయించండి. వాయిదాల మీద అయితే కంపెనీ చెక్కులతో సరిపెట్టుకోకుండా ఎండీ సొంత చెక్కులు, సొంత గ్యారంటీ అడగండి, ఇందాక ముట్టుకోలేం అన్న ఆయన ఇల్లు ఈ దారిలోనే మీ చేతి దూరంలోకి వస్తుంది. చెక్కు బౌన్స్ అయితే బ్యాంకు మెమో వచ్చిన 30 రోజుల్లో నోటీసు, వాళ్లకి 15 రోజుల టైం, ఆ తర్వాత నెల లోపు కంప్లయింట్, ఈ తేదీలు క్యాలెండర్ మీద రాసుకోవాలి. కొద్దికొద్దిగా క్యాష్ తీసుకోవడం అస్సలు వద్దు. మధ్యలో వచ్చిన డబ్బు ముందు వడ్డీకి, ఖర్చులకి, తర్వాతే అసలుకి జమ అని రాతలో ఉండాలి.

చిన్న విషయమే గానీ కొంప ముంచేది ఒకటి, మీ అవార్డు ఎంత స్టాంపు మీద ఉంది? చాలామంది ఆర్బిట్రేటర్లు వంద రూపాయల స్టాంపు పేపర్ మీద ఇచ్చేస్తారు, ఎవరూ పట్టించుకోరు, ఈపీ వేశాక అవతలి వకీలు లేచి ఇది చాలినంత స్టాంపు లేని కాగితం అంటాడు. 2003లో అనసూయాదేవి వర్సెస్ మాణిక్ రెడ్డి కేసులో సుప్రీం కోర్టు ఈ స్టాంపు ప్రశ్న తేల్చాల్సింది అమలు దశలోనే అని చెప్పింది, కాబట్టి ఆ అభ్యంతరం కచ్చితంగా వస్తుంది. తక్కువైతే తేడా, పెనాల్టీ కట్టి సరిచేయించుకోవచ్చు, పెనాల్టీ పది రెట్ల దాకా ఉండొచ్చు కాబట్టి ముందే లెక్క చూపించుకోండి.

ఇక బెంగళూరు డిక్రీ. పోలేదండీ, నిక్షేపంగా ఉంది. డిక్రీ అమలుకి గడువు 12 ఏళ్లు, 2017 డిక్రీ అంటే 2029లో అదే తేదీ దాకా. ఈపీ డిఫాల్ట్‌లో డిస్మిస్ అయిందా, బత్తా (నోటీసుల ఖర్చు) కట్టక పోయిందా, వకీలు రాకపోవడం వల్లా, ఏదైనా సరే గడువు లోపల మళ్లీ కొత్త ఈపీ వేసుకోవచ్చు. అప్పట్లో ఏదైనా జప్తు చేయించి ఉంటే మాత్రం ఆ డిస్మిసల్‌తో జప్తు కూడా సాధారణంగా ఎగిరిపోతుంది, అది ఉందనుకుని కూర్చోకండి. విజయవాడ కోర్టు బెంగళూరు ఆస్తి మీద చేయి వేయలేదు, 2002 సవరణ సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 39లో ఆ మాట స్పష్టంగా పెట్టింది, కాబట్టి ముందు విజయవాడలో ట్రాన్స్‌ఫర్ పిటిషన్ వేసి డిక్రీ నకలు, ఇంతవరకు ఏమీ వసూలు కాలేదన్న సర్టిఫికెట్ బెంగళూరు కోర్టుకి పంపించాలి, అక్కడ ఈపీ వేయాలి. ఇక్కడ రెండేళ్లు ఎప్పుడో దాటాయి కాబట్టి నోటీసు తప్పదు.

ఫర్మ్ కాబట్టి ఒక మంచి విషయం, ఆర్డర్ 21 రూల్ 50 కింద ఫర్మ్ ఆస్తి మీదే కాకుండా పార్ట్‌నర్ల సొంత ఆస్తి మీదికి కూడా వెళ్లొచ్చు. పాత దావాలో పార్ట్‌నర్‌గా సమన్లు ఎవరెవరికి అందాయో, ఎవరెవరు హాజరయ్యారో చూడండి, వాళ్ల మీద నేరుగా, మిగతావాళ్ల మీద అయితే కోర్టు అనుమతితో.

జైలు అడిగారు. వీళ్లు మనుషులు కాబట్టి అరెస్టు అడగొచ్చు గానీ, కట్టే స్థోమత ఉండి ఎగ్గొడుతున్నాడని మీరు చూపించాలి, 1980లో జాలీ జార్జ్ వర్గీస్ కేసు నుంచీ ఇదే రూలు, పేదరికానికి జైలు లేదు. ఆడవాళ్లని డబ్బు డిక్రీలో అరెస్టు చేయరు. జైల్లో పెడితే గరిష్టంగా మూడు నెలలు, ఆ మూడు నెలలూ వాడి తిండి బత్తా కట్టాల్సింది మీరే, అవునండీ డిక్రీదారుడే కోర్టులో జమ చేయాలి. బయటికొచ్చాక బాకీ అలాగే ఉంటుంది కానీ అదే డిక్రీకి మళ్లీ అరెస్టు చేయించలేరు. అందుకని అరెస్టు నోటీసు దాకా తీసుకెళ్లి వదిలేసేవాళ్లే ఎక్కువ, చాలా కేసుల్లో ఆ నోటీసుకే డబ్బు కదులుతుంది. "ఐపీ పెట్టేస్తా" అని బెదిరిస్తే పెట్టుకోమనండి, ఐపీ పెట్టగానే బాకీ రద్దయిపోదు, దివాలా తీసినట్టు కోర్టు ప్రకటిస్తే ఐపీ పెట్టడానికి ముందు రెండేళ్లలో చుట్టాల పేరు మీద ఊరికే రాసిచ్చిన ఆస్తుల్ని కూడా వెనక్కి లాగే వీలు ఆ చట్టంలోనే ఉంది.

ముందు హైదరాబాద్ పని చూడండి, హోసూరు లారీ ఆగదు. బెంగళూరుది 2029 దాకా ఉంది గానీ, పాత కోర్టు కట్టలోంచి డిక్రీ నకలు రావడానికే నెలలు పట్టొచ్చు, కాపీ అప్లికేషన్ మాత్రం ఈ వారంలోనే పెట్టించండి.